ఒండ్రు బలం సరే, నీళ్ల దారేది?

ఉగాది దాటిందంటే గోదావరి ఒడ్డు ఊళ్లలో కౌలు బేరాలు మొదలవుతాయి. మంగపేట, ఏటూరునాగారం దిక్కు పోయినా, మంథని దిక్కు పోయినా బేరగాడి నోట వినబడే మాట ఒక్కటే: "ఒండ్రు నేల బావా, ఎరువు సుత అక్కర్లే. పెట్టుడే, తీసుడే." ఆ రోజుకు నేల ఎండి, చెయ్యి దూరేటంత నెర్రెలిచ్చి, నల్లగా బలంగా కనబడుతుంది. చూసినవాడికి ఆ మాట అబద్ధమనిపించదు. నిజానికి అబద్ధమూ కాదు, సగం నిజం. మిగతా సగం శ్రావణంలో పిక్కల దాకా దిగబడే బురదలో బయటపడుతుంది.

వరద పారే బంకనేలను మనం దాని బలం చూసి వెలగడుతున్నాం. దాని దిగుబడిని తేల్చేది బలం కాదు. పడ్డ నీళ్లు ఏ మూల నుంచి, ఎన్ని రోజుల్లో బయటికి పోతాయన్నదే తేలుస్తుంది. ఆ లెక్క చూసుకోకుండా వానాకాలంలో పల్లపు ఒండ్రులో పత్తి, మిర్చి పెట్టడం తప్పని నా వాదన. ఎదురు చెప్పేవాళ్ల దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. వాటి దగ్గరికీ వస్తాను.

ఒండ్రంతా ఒకటి కాదు

ఏరు పొంగి గట్టు దాటగానే నీటి వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక ముందుగా అక్కడే పడిపోతుంది. అందుకే ఏటి వెంబడి నేల కొంచెం మెరకగా, పిడికిట్లో పొడిపొడిగా ఉంటుంది. ఇంకాస్త లోపలికి పోతే పిండిలాంటి మెత్తటి పూడిక. అన్నింటికంటే సన్నని బంకమట్టి మాత్రం నీళ్లు కదలకుండా నిలిచే వెనక పల్లంలోనే దిగుతుంది. అంటే ఏటికి దూరంగా ఉన్న చెక్కే చాలాసార్లు అందరికంటే పల్లంగా, అందరికంటే బరువుగా ఉంటుంది. "ఏటికి దూరమే గదా, ముంపు భయం లేదు" అనుకున్నవాడు దెబ్బతినేది ఇక్కడే. గట్టు మీది నేల ఒకటి రెండు రోజుల్లో ఆరితే, వెనక పల్లం వారమైనా ఆరదు.

నేల ఏ రకమో తేల్చుకోవడానికి ల్యాబ్ దాకా పోనక్కర్లేదు. లీటరు గాజు సీసాలో మూడో వంతు పొడి మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు సబ్బు పొడి కలిపి, ఐదు నిమిషాలు గట్టిగా ఆడించి కదలని చోట పెట్టండి. మొదటి నిమిషంలో అడుగుకు చేరింది ఇసుక. ఆ తర్వాత రెండు గంటల్లో దాని మీద దిగేది పూడిక. ఇంకా నీళ్లలో తేలుతూ చాయ్ రంగులో కనబడేదంతా బంకే. 0.002 మిల్లీమీటర్ల బంక రేణువు నిలకడ నీళ్లలో 10 సెంటీమీటర్లు దిగడానికి దాదాపు 8 గంటలు పడుతుంది, అంతకంటే సన్నవి ఒకటి రెండు రోజులైనా దిగవు. పొరలు ఏర్పడ్డాక స్కేలు పెట్టి కొలవాలి. మొత్తంలో బంక పొర ఐదింట రెండు వంతులు దాటితే అది బరువు నేల కింద లెక్క. సీసా లేకపోతే తడి మట్టిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా సాగదీయండి. 5 సెంటీమీటర్లు దాటినా తెగకపోతే బంకనేలే.

ఇంకో తేడా ఉంది, దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. గోదావరి మోసుకొచ్చే మట్టిలో ఎక్కువ భాగం ఎగువన మహారాష్ట్ర నల్లరాతి నేలలది. కాళేశ్వరం దగ్గర కలిసే ప్రాణహితతోనూ అలాంటి మట్టే వస్తుంది. ఆ రాయి అరిగితే వచ్చే బంక పొరల సందుల్లోకి నీళ్లు పోనిచ్చి ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. మన వరంగల్ చుట్టుపక్కల వాగులు పుట్టేది గ్రానైట్ గుట్టల్లో, చెల్కల్లో, అంటే ఇసుకపాలు ఎక్కువున్న ఎర్రనేలల్లో. అవి తెచ్చేదాంట్లో దుబ్బ ఎక్కువ, బంక తక్కువ. అందుకే వాగు పొంగితే చాలాచోట్ల పొలం మీద మిగిలేది ఒండ్రు కాదు, ఇసుక మేట. రెండింటినీ కలిపి "వరదొచ్చింది, నేల బాగుపడ్డది" అనడం సరికాదు. ఎకరం మీద 10 సెంటీమీటర్ల మేట పడిందంటే 400 ఘనపు మీటర్ల పైమాటే. మూడు ఘనపు మీటర్ల ట్రాలీతో తోలితే 135 ట్రిప్పులు. బొటనవేలు మందం దాకా అయితే లోతుగా దున్ని కలిపేసుకోవచ్చు, బంకనేలకు ఆ ఇసుక మేలే చేస్తుంది. జానెడు పడితే మాత్రం ఎత్తిపోయాల్సిందే.

ఒండ్రులో ఎరువెంత?

ఎరువు అక్కర్లేదన్న మాటను అంకెల్లో పెట్టి చూద్దాం. వరద దిగాక ఎకరం మీద ఒక సెంటీమీటరు ఒండ్రు మిగిలిందనుకోండి. అది 40 ఘనపు మీటర్లు, ఆరాక సుమారు 48 టన్నులు. అందులో నత్రజని నూటికి 0.05 పాళ్లు ఉందనుకుంటే 24 కిలోలు. యూరియాలో చెప్పాలంటే 45 కిలోల బస్తా ఒకటి, పైన కొసరు. అదీ ఒక్కసారిగా అందదు. చాలా భాగం కుళ్లిన ఆకూ అలములో చిక్కుకుని ఉంటుంది, ఏటా కొద్దికొద్దిగానే విడుదలవుతుంది. మరోపక్క నేల మీద నీళ్లు నిలిచిన రోజుల్లో అప్పటికే వేసిన నత్రజని ఆవిరై గాలిలో కలిసిపోతుంది. వరద తెచ్చినదానికంటే పట్టుకుపోయిందే ఎక్కువైన సీజన్లు ఉంటాయి.

అయితే బంకనేల బలం ఉత్తమాటని కాదు. దాని అసలు గుణం పట్టి ఉంచడం. వేసిన పొటాష్, సున్నం, అమ్మోనియా రూపంలోని నత్రజని చెల్కలో వానకు కిందికి జారిపోతాయి, బంకలో అతుక్కుని ఉంటాయి. నీళ్లదీ అదే తీరు. మీటరు లోతు బంకనేల పైరుకు అందేలా 150 నుంచి 200 మిల్లీమీటర్ల నీటిని దాచుకోగలదు. చెల్క అందులో సగం దాచుకున్నా గొప్పే. యాసంగిలో ఈ నేల విలువ ఇదే, దీన్నే మనం తక్కువ వాడుకుంటున్నాం.

2015లో చెరువుల పూడికతీత పథకం మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువు మట్టి తోలుకోవడం ఊరూరా జోరందుకుంది. చెల్కకు అది నిజంగా మందే. కానీ చెరువు మట్టి మంచిదన్నారని, అప్పటికే బంకగా ఉన్న పల్లపు పొలంలోనూ ట్రాలీలు దింపినవాళ్లున్నారు. బంకకు బంక కలిపితే జిగట పెరుగుతుంది, డీజిల్ ఖర్చు అదనం.

ఈ నేలల్లో లోపం సాధారణంగా జింకుది. ఉదజని సూచిక (పీహెచ్) 8 దాటి, సున్నం ఉండి, పైన నీళ్లు నిలిచే వరి మడిలో జింకు ఉన్నా మొక్కకు అందదు. నాటిన రెండు నుంచి నాలుగు వారాల్లో ఆకు మీద తుప్పు రంగు మచ్చలు వస్తాయి, పిలకలు ఆగిపోతాయి. దాన్ని తెగులనుకుని మందు కొట్టేవాళ్లే ఎక్కువ. ఆఖరి దమ్ములో, అంటే నాటుకు ముందు మడిని నీళ్లలో బురదగా దున్నేటప్పుడు, ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ చల్లితే రెండు మూడు పంటల దాకా చూసుకోనక్కర్లేదు. డీఏపీతో కలిపి వేయొద్దు, రెండూ కలిస్తే జింకు మళ్లీ అందకుండా పోతుంది. ముందే చల్లకపోతే లీటరు నీటికి 2 గ్రాములు కలిపి ఐదు రోజుల తేడాతో రెండుసార్లు కొట్టాలి.

మీద తెల్లవడ్డది, లోపల?

బంకనేలతో పని చేసేవాడికి పదునే, అంటే దున్నడానికి సరిపడే తేమే, పంచాంగం. పదునుకు ముందు నేల జిగట, దాటితే రాయి. మధ్యలో దొరికేది కొద్ది రోజులే. వాన వెలిసిన మూడో నాడు ఏ గట్టు మీదైనా ఈ మాటలు వినొచ్చు.

"కాకా, ఇయ్యాల దున్నుదామా? రేపు ట్రాక్టరు వేరేకాడ ఒప్పుకున్న."

"మీద తెల్లవడ్డది గదరా. కానియ్."

మీద తెల్లబడ్డ మాట నిజమే. పై రెండు అంగుళాలు ఆరి, కింద జానెడు లోతున మట్టి మైనంలా ఉంటుంది. ఆ మైనం మీద టన్నుల బరువు ట్రాక్టరు నడిస్తే మట్టి చిద్రాలు మూసుకుపోతాయి. రోటవేటరు బ్లేడు తిరిగిన అడుగున సిమెంటు పూసినట్టు నున్నటి పొర మిగులుతుంది. వారం తర్వాత మీద మట్టిపెడ్డలు ఇటుకల్లా, కింద వేరు దిగని అట్ట. ఆ ఏడాది పత్తి మొక్కను పీకి చూస్తే తల్లివేరు నాలుగైదు అంగుళాల కాడ పక్కకు ఒంగి ఉంటుంది. తెగులూ కాదు, విత్తన లోపమూ కాదు, దున్నిన రోజు లోపం.

పదును చూసుకోవడానికి అర నిమిషం చాలు. మీది మట్టి కాదు, జానెడు లోతు నుంచి పిడికెడు తీయండి. అరచేతుల మధ్య తాడులా పేనండి. పెన్ను రీఫిలు సన్నం, అంటే 3 మిల్లీమీటర్ల దాకా తెగకుండా సాగితే ఇంకా తడే, ట్రాక్టరు తిప్పి పంపండి. ఆ సన్నానికి రాకముందే పగిలి ముక్కలైతే పదును వచ్చినట్టు. ట్రాక్టరు మళ్లీ దొరకదేమోనన్న భయం అర్థమవుతుంది. కానీ తడిలో దున్ని చెడగొట్టినదాన్ని అదే సీజన్‌లో ఏ యంత్రమూ బాగుచేయలేదు.

అడుగు అట్టను పగలగొట్టడానికి సబ్‌సాయిలర్, అంటే లోతుకు దిగి నేలను చీల్చే కొక్కెం నాగలి, వాడమంటారు. మంచిదే, కానీ ఏప్రిల్, మే నెలల్లో నేల లోపలిదాకా ఎండినప్పుడే. ఎండిన మట్టిలో ఆ కొక్కెం పోతుంటే అటూ ఇటూ పగులు పాకుతుంది. తడిలో పోతే వెన్నలో కత్తి దిగినట్టు ఒక సన్నటి గాటు పడుతుంది, వానకు మళ్లీ అతుక్కుంటుంది. నేల నెర్రెలివ్వడమే దాని సొంత దుక్కి అని పెద్దలు ఊరికే అనలేదు. ఏటా ఎండి పగిలే నేల తన అట్టను కొంతవరకు తానే విరుచుకుంటుంది. రెండు పంటలూ వరే పెట్టి ఎండనివ్వకపోతే ఆ అవకాశం పోతుంది.

జిప్సం విషయం క్లుప్తంగా. నేల గట్టిపడగానే జిప్సం వేయమనే సలహా ఇప్పుడు ఫ్యాషనైంది. వేసేముందు ఎండిన బఠాణీ గింజంత మట్టి ఉండను గ్లాసు వాననీటిలో మెల్లగా వదలండి, కదపొద్దు. కొద్ది గంటల తర్వాత ఉండ విడిపోయినా నీళ్లు తేటగానే ఉంటే లోపించింది పెంట ఎరువు, జిప్సం కాదు. ఉండ చుట్టూ పాలు ఒలికినట్టు మబ్బు కమ్మితే సోడియం ఉన్నట్టు, అది చౌడు దారి పట్టిన నేల, జిప్సం పనిచేస్తుంది. బోరు నీళ్లతో ఈ పరీక్ష చేయొద్దు. అందులోని ఉప్పు మబ్బును దాచేస్తుంది.

కాలువ తీసినా నీళ్లు పోవెందుకు?

పత్తి, మిర్చి, మక్క వేళ్లకు గాలి కావాలి. నీళ్లు నిండిన బంకనేలలో ఉన్న కాస్త ప్రాణవాయువు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత వేళ్లు నీళ్లలో ఉంటూనే నీళ్లు తాగలేవు. ఎండ కాయగానే చేను తలలు వాల్చేది అందుకే. అప్పుడు యూరియా చల్లడం కాదు, ముందు నీళ్లు తీయాలి. నీళ్లు తీశాక లీటరుకు 10 గ్రాముల మల్టీ-కె (పొటాషియం నైట్రేట్) పిచికారీ చేయాలి. మొక్క తేరుకుని నేల అడుగు పెట్టనిచ్చాక ఎకరాకు 25 నుంచి 30 కిలోల యూరియా, 10 కిలోల పొటాష్ వేయాలి. వడలిన మొక్కల మొదళ్లలో లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీళ్లు పోయాలి. ఇవన్నీ దెబ్బ తగిలాక కట్టే కట్లు.

దెబ్బ తగలకుండా కాలువ తీయాలి. కాలువలు తీసిన చాలా పొలాల్లో నీళ్లు నిలిచే ఉండడానికి కారణాలు కొత్తవేం కావు. తవ్విన మట్టిని కాలువ అంచునే వరసగా పోస్తారు, అదే ఒడ్డులా మారి చేనులోని నీళ్లను కాలువలోకి రానివ్వదు. ఆ మట్టిని చేను మీద పలచగా సర్దేయాలి. రెండోది, తడిలో జేసీబీ పెట్టి తీయడం. బకెట్టు నున్నగా రుద్దిన గోడ నుంచి నీరు ఊరదు, మొదటి వానకే విరిగి పడుతుంది. వేసవిలో, గోడలను వాలుగా తీయాలి. మూడోది వాలు లెక్క. ఎకరం చదరంగా ఉంటే ఒక వైపు 64 మీటర్లు. ఆ పొడవుకు కాలువ అడుగు 15 నుంచి 20 సెంటీమీటర్లు దిగితే చాలు, అంతకంటే ఎక్కువైతే మట్టి కోసుకుపోతుంది. మేస్త్రీలు వాడే నీళ్ల పైపుతో మట్టం చూసుకోవచ్చు. బంకలో నీరు అడ్డంగా కదలదు కాబట్టి లోతైన కాలువ ఒక్కటి తీసి లాభం లేదు. చేనులో నాలుగు నుంచి ఆరు సాళ్లకొకటి గొడ్డుసాలు, అంటే నీళ్లు పోయేందుకు ఖాళీగా వదిలే సాలు, తీసి, అన్నింటినీ 30 నుంచి 45 సెంటీమీటర్ల లోతు గట్టు కాలువలో కలపాలి. పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నల్లరేగడి కోసం రూపొందించిన వెడల్పు బోదెల పద్ధతి చూపించేదీ ఇదే: మీటరు వెడల్పు బోదె, అర మీటరు కాలువ, స్వల్పమైన వాలు.

నాలుగోది కొలతల్లో లేదు. నీళ్లు పోవాల్సింది పక్కవాడి పొలంలోంచి. "నీ నీళ్లు నా మడిల కెందుకు ఇడుస్తవ్?" అని అతను అడిగితే న్యాయంగానే ఉంటుంది. వాగు దాకా నలుగురైదుగురు ఒప్పుకుని ఒకే రోజున తీయకపోతే పైవాడి కాలువ కిందివాడికి చెరువవుతుంది. వాగు ఉప్పొంగినప్పుడు అదే కాలువలోంచి నీళ్లు వెనక్కి తన్నుకొస్తాయి కాబట్టి చివర తూము పెట్టి, వాగు వైపు మాత్రమే తెరుచుకునే రేకు మూత వేలాడదీయాలి. ఆ మూతలో కర్ర ముక్క ఇరుక్కున్నా పనిచేయదు. వాన ముందు ఒకసారి చూసిరావాలి.

ఇక్కడ నా వాదనకే ఒక అడ్డు ఉంది. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు కురిసింది. అదే వానల్లో మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది. అంత వాన ఎకరం మీద 26 లక్షల లీటర్లు. ఏ గొడ్డుసాలూ, ఏ తూమూ దాని ముందు నిలవవు. అంతకు ముందు ఏడాది జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడూ అంతే. నిజమే, కాలువ వరదను ఆపదు. కానీ అలాంటి వరద ఏటా రాదు. రెండు మూడు రోజుల ముసురుకు చేనులో నీళ్లు నిలవడం మాత్రం దాదాపు ప్రతి వానాకాలం జరుగుతుంది. మనకు గుర్తుండేది పెద్ద వరద, ఏటా దిగుబడి కోసేది చిన్న ముసురు.

పత్తి వద్దంటే ఎట్లా?

ఎదుటివాళ్ల మాట ఇది. వానలు తక్కువైన ఏడు చెల్క మీది పత్తి ఎండిపోతే బంకనేల మీదిదే నిలబడుతుంది. ఆ ఒక్క ఏడు లాభం రెండేళ్ల నష్టం పూడుస్తుంది. గోదావరి గట్టు మిర్చి సంగతి చెప్పనక్కర్లేదు, ఏటూరునాగారం, వాజేడు, వెంకటాపురం రైతులు దాని మీదే నిలబడ్డారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. కాకపోతే ఆ మంచి మిర్చి ఎక్కడ పండుతుందో చూడండి: గట్టు వెంబడి పూడిక నేలలో, వరద తగ్గాక. వెనక పల్లపు బంకలో కాదు. ఒకే సర్వే నంబరులో రెండు రకాల నేల ఉన్నప్పుడు ఒకే పంట పెట్టడం దగ్గరే చిక్కంతా వస్తుంది.

పల్లపు బంకకు వానాకాలం వరే సరిపోతుంది. నీళ్లు నిలవడం దానికి జబ్బు కాదు. పూర్తిగా మునిగితే తప్ప తట్టుకుంటుంది, దమ్ము చేస్తే ఈ నేలలో నీరు కిందికి ఇంకిపోయేది చాలా తక్కువ. ఇబ్బంది వరి తర్వాత. దమ్ముతో మట్టి అంతా పిండి అయి ఉంటుంది, దాన్ని ఆరబెట్టి, దున్ని, దుక్కి చేసేసరికి యాసంగి అదును దాటిపోతుంది. అందుకే మళ్లీ వరి. నా మాట: దున్నకండి. కోత మిషన్ పోయిన వెంటనే, మొదళ్ల మధ్యనే కర్రతో గుంతలు చేసి మక్క పెట్టడం మన దగ్గర తెలియని పని కాదు. 60 సెంటీమీటర్ల సాలు, 20 సెంటీమీటర్ల మొక్క దూరం, ఎకరాకు 8 కిలోల విత్తనం. గుంతను మట్టితో మూయడం మరిచిపోవద్దు, తెరిచిన గుంత నెర్రెగా మారి మొలక వేరు ఎండుతుంది. మక్కకు నీళ్లు పెట్టాల్సిందే. నీళ్లు లేనిచోట అక్టోబరులో ఖాళీ అయ్యే చేనులో శనగ, ఎకరాకు 25 కిలోలు. ఇంకా పొడి చోట కుసుమ, దాని తల్లివేరు నెర్రెల వెంబడి లోతుకు పోయి, మిగతా పంటలు అందుకోలేని తేమను తాగుతుంది. శనగకు విత్తిన తడి చాలకపోతే పూతకు ముందు ఒక్క తేలికపాటి తడి ఇవ్వొచ్చు. బంకనేలలో నీళ్లు నిలిచేలా పారిస్తే మాత్రం శనగ మొత్తం ఎర్రబడి పోతుంది.

తడి నేలలో మామూలు టైర్ల కోత మిషన్ దింపితే ఇదంతా వృథా. జానెడు లోతు గాడులు పడతాయి, దున్నక తప్పదు. కోతకు పది రోజుల ముందే నీళ్లు తీసేయడం, అప్పటికీ దిగబడితే చైన్ మిషన్ పిలవడం. గంటకు రేటు ఎక్కువే, కానీ యాసంగి పంట మిగులుతుంది.

ఇక కౌలు బేరం దగ్గరికి. చైత్రంలో ఎండిన నేలను చూస్తూనే శ్రావణం నాటి నీళ్లను చదవొచ్చు. చేను అంతా నడవండి. గట్ల పక్కన తుంగ గడ్డలు, ఎండిన ఊద దుబ్బులు ఎక్కడున్నాయో చూడండి. నత్తగుల్లలు ఒకచోట గుంపుగా తెల్లగా కనబడితే అక్కడ నీళ్లు వారాల తరబడి నిలిచినట్టు. ఎండ్రకాయల బొరియలు ఉన్న గట్టు నీళ్లు ఆపదు. తుమ్మ, తాటి మొదళ్ల మీద బురద గీత ఎంత ఎత్తున ఉందో చేతితో కొలవండి. ఆ తర్వాత నీళ్లు బయటికి పోయే మూల ఎక్కడో చూపించమని అడగండి. చూపిస్తే అవతలి పొలం ఎవరిదో, ఆయన ఒప్పుకుంటాడో లేదో తెలుసుకుని, కాలువ పూడిక తీసే ఖర్చు ఎవరిదో కౌలు కాగితంలో రాయించుకోండి. చూపించలేకపోతే ఆ చెక్కకు వరి లెక్కన కౌలు కట్టండి, పత్తి లెక్కన కాదు.